నెరిసిన జడలకు ఎర్ర రిబ్బన్లు

ఈ పొద్దున మా కోడలు ఫోను తెచ్చి చేతికిచ్చి, మీ పాత సేవామిషన్ వాళ్ళు ఫోటో పంపారు అత్తయ్యా, ఎంత ముచ్చటగా ఉందో చూడండి అంది. నిన్న జరిగిన వార్షికోత్సవం ఫోటో అది. రంగుకాగితాల తోరణాల కింద వికలాంగుల ఆశ్రమంలో ఉన్నవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి, చేతికొక బెలూను ఇచ్చి, అడుగున 'మా చిన్నారులు' అని రాశారు. ఆ చిన్నారుల్లో నా ఈడువాళ్ళున్నారు, బట్టతలలవాళ్ళున్నారు, కళ్ళల్లో శుక్లాలు ముదిరినవాళ్ళున్నారు. ముందు వరసలో ఒకామె మాత్రం బెలూను పట్టుకోలేదు. ఆమె నెరిసిన జుట్టును రెండు జడలు అల్లి, పైకి మడిచి, ఎర్ర రిబ్బన్లు కట్టారు. నాకు ముచ్చట వెయ్యలేదు సరికదా ఒళ్ళు మండింది. ఈ వయసులో ఒళ్ళు మండితే బీపీ మాత్ర వేసుకోవాలి గనక అది వేసుకుని, ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

సూరత్‌కు నేను మావారి ఉద్యోగం వెంట వచ్చాను. ఆయన డాక్టరు. అప్పటికే ఆయన అక్కగారు ఇక్కడ స్థిరపడి, తెలుగు డాక్టర్ల భార్యలనూ ఇంజనీర్ల భార్యలనూ పోగేసి ఒక సేవామిషన్ నడుపుతుండేది. కొత్తగా వచ్చిన మరదలు ఆదివారాలు కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఆడపడుచు ఊరుకుంటుందా? కతర్‌గామ్‌లో, వజ్రాలు సానపట్టే కార్ఖానాల సందుల్లో ఉన్న వికలాంగుల ఆశ్రమానికి నన్నూ లాక్కుపోయింది. అక్కడున్నవాళ్ళంతా పెద్దవాళ్ళే. మేము పట్టుకెళ్ళేవి మాత్రం ఇడ్లీలతో పాటు రంగుపెన్సిళ్ళు, బొమ్మల పుస్తకాలు, కాగితపు టోపీలు. మీసాలొచ్చిన మగవాళ్ళ చేత చప్పట్లు కొట్టించి పిల్లల పాటలు పాడించేవాళ్ళం, ఆడవాళ్ళందరికీ తలదువ్వి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేవాళ్ళం. మా ఆడపడుచు చెడ్డమనిషి అంటే నా నోరు పుచ్చిపోతుంది. ఎవరైనా వాంతి చేసుకుంటే ముక్కు చిట్లించకుండా తన కొంగుతోనే మూతి తుడిచేది. అందుకే ఆవిడ మీద నా కోపానికి ఇన్నేళ్ళయినా ఒక దారీ తెన్నూ దొరకలేదు.

ఆ ఆశ్రమంలో లింబాయత్ అనే మగ్గాల పేట నుంచి వచ్చిన తెలుగతను ఒకడుండేవాడు. ముప్పై దాటిన మనిషి. అమ్మానాన్నలు కరీంనగర్ వైపు పల్లె నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే పోయారు. ఆ తరువాత అన్న ఇతన్ని ఆశ్రమంలో దించి తన సంసారంతో ఊరికి వెళ్ళిపోయాడు. కాళ్ళు పనిచెయ్యవు గానీ అతని చేతులూ నోరూ మాత్రం వాళ్ళ మగ్గాల్లాగే ఆగేవి కావు. ఇక ఫోటోలో రిబ్బన్లు కట్టిన ఆమె గుజరాతీ మనిషి, కతర్‌గామ్‌లోనే వజ్రాల పనివాళ్ళ ఇంట్లో పుట్టింది. చిన్నప్పటి జ్వరానికి ఎడమపక్క పడిపోయి ఒక కాలు ఈడుస్తూ నడిచేది.

ఆశ్రమానికి బజారు నుంచి చీరలు వచ్చేవి, మెరుపురాళ్ళు అతికించడానికి. పొడుగాటి బల్ల మీద చీర పరిచి, ఈ కొసన ఒకరూ ఆ కొసన ఒకరూ మొదలుపెట్టి మధ్యకు రావాలి. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఒకే చీరకు కూర్చునేవాళ్ళు. అతను తొందరపడి రాళ్ళు వంకరటింకరగా అంటించేసి, చక్రాల కుర్చీ నెట్టుకుంటూ ముందే మధ్యకు చేరి ఎదురుచూసేవాడు. ఆమె ఒంటిచేత్తో తీరిగ్గా అంటించుకుంటూ వచ్చి, అతని వంకరరాళ్ళన్నీ పీకి మళ్ళీ సరిగ్గా పెట్టి, తిట్టేది. అతను తెలుగు కలిపిన హిందీ, ఆమె గుజరాతీ కలిపిన హిందీ. కొత్తగా పెళ్ళైన ఇల్లు ఏదైనా అలాగే ఉంటుంది కదా! మేము మాత్రం పిల్లలు ఎంత చక్కగా ఆడుకుంటున్నారో అని మురిసిపోయాం.

ఒక ఆదివారం నేను సాంబారు వడ్డిస్తుంటే అతను నా కొంగు పట్టుకుని ఆపాడు.

"అక్కా, మా ఇద్దరి దిక్కు అడిగెటోళ్ళు ఎవ్వలు లేరు. జర నువ్వే పెద్దమనిషి లెక్క పొయ్యి లగ్గం ముచ్చట మాట్లాడాలె."

ఆమె దగ్గరకెళ్ళి అడిగాను. తలెత్తలేదు గానీ, ఆశ్రమంలోనే ఒక గది ఇస్తే చాలని, పెళ్ళయినా చీరల పని మానుకోబోమని చెప్పమంది. వాళ్ళు కోరింది అంతే.

మా ఆడపడుచు ఇంట్లో మిషన్ వాళ్ళందరూ కూడిన రోజున ఆ మాట అడిగాను. ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఇంకొకావిడ, ఈ సంగతి బయటికి పొక్కితే మనకు విరాళాలెవరిస్తారంది. మా ఆడపడుచు మాత్రం నవ్వలేదు, చాలా బాధపడింది.

"వాళ్ళు పసివాళ్ళమ్మా. నువ్వు వాళ్ళ మనసుల్లో ఇలాంటివి పెట్టకు."

పసివాళ్ళయితే పొద్దస్తమానం కూర్చోబెట్టి చీరల పనెందుకు చేయిస్తున్నాం వదినా అని అడిగాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ పూట ఎవరూ నాతో కలిసి కాఫీ తాగలేదు.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి చీరకు అటు కొసన వేరే ఎవరో కూర్చున్నారు. అతన్ని కిమ్ అనే ఊళ్ళో ఉన్న మిషన్ వాళ్ళ రెండో ఆశ్రమానికి పంపేశారు. ఆమెతో మాత్రం, వాళ్ళన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడని చెప్పారు, చంటిపిల్లకు బూచి కథ చెప్పినట్టు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. మావాళ్ళు ఒక్క అబద్ధంతో ఒక పెళ్ళి ఆపేశారు. అయితే ఆమె చంటిపిల్ల కాదు కదా, పెద్దమనిషి విన్నట్టే విన్నది. పెళ్ళి మాట కదిపాక మగవాడు ఇంటికి వెళ్ళాడంటే పెద్దవాళ్ళను తీసుకురావడానికే అని ఆనందపడింది. నేను అక్కడికక్కడే అది అబద్ధమని, అతను కిమ్‌లో ఉన్నాడని చెప్పాను. ఆమె నావంక జాలిగా చూసి, మీకు తెలియదులే బెన్ అని, వాళ్ళ భాషలో అక్కా అన్నట్టు, నా చెయ్యి తట్టింది. పిల్లలను ఏడిపిస్తున్నానని, ఇక రావద్దని ఆ సాయంత్రమే నాకు కబురొచ్చింది.

ఆ వారమే మావారిని వెంటబెట్టుకుని రైల్లో కిమ్ వెళ్ళాను. అతను రేకుల షెడ్డులో కూర్చుని అట్టపెట్టెలు మడుస్తున్నాడు. ఆమెను తీసుకొస్తాను, అవసరమైతే వకీలును పెడతాం అని ఏవేవో అన్నాను. అతను పెట్టె మడవడం ఆపలేదు.

"వద్దక్కా. ఇంటికి పోయిండనే అనుకోనీ. నన్ను సామాన్ లెక్క ఎత్తి ఈడ పడేసిండ్రని తెలిస్తే, ఆమె ముంగట నా ఇజ్జత్ ఏముంటది?"

నేను వాదించాను, ఏడ్చాను, తిరిగొచ్చాను. మళ్ళీ ఒకటి రెండుసార్లు వెళ్ళినా అదే మాట. తరువాత ఒక వానాకాలంలో అతను జ్వరమొచ్చి పోయాడని మావారి స్నేహితుడైన డాక్టరు చెప్పాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలనుకున్న నాకు ఆమె ఉన్న ఆశ్రమం గేటు తెరవలేదు.

ఇన్నేళ్ళ తరువాత నిన్న తెరిచారు. మా ఆడపడుచు మోకాళ్ళ ఆపరేషనయి మెత్తబడిందో ఏమో, పాతవాళ్ళందరినీ పిలవమని చెప్పిందట. వెళ్ళాను. లిఫ్టు పెట్టారు, కుర్చీలు దొర్లడానికి వాలుబాటలు కట్టారు, గోడలకు లేతరంగులు వేశారు. చీరల బల్ల లేదు, ఆ రాళ్ళు ఇప్పుడు యంత్రాలే అంటిస్తున్నాయి. ఒక పక్కన మా ఆడపడుచును కుర్చీలో కూర్చోబెట్టి, ఆయా గారం చేస్తూ, నోరు తెరువు బేబీ అని చెంచా పెట్టబోతే, నేనేమన్నా చంటిపిల్లనా అని ఆవిడ ఆ కంచం తోసేసింది. నాకు ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అనివుంటే నాకైనా కాస్త కడుపు చల్లబడేదేమో!

ఎర్ర రిబ్బన్ల జడలతో కూర్చున్న ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"యే ఖోల్ దో, బెన్. ఉస్‌కే ఘర్‌వాలే ఆయేంగే తో క్యా సోచేంగే?"

ఈ రిబ్బన్లు విప్పెయ్యి, అతని ఇంటివాళ్ళు వస్తే ఏమనుకుంటారు అంటోంది. ఒకసారి నిజం చెబితే నన్ను జాలిగా చూసిన మనిషికి, అతను పోయాడన్న ఈ నిజం ఏ నోటితో చెప్పను? రిబ్బన్లు విప్పి, జడలు చిక్కుతీసి, ఇంటి ఇల్లాలికి వేసినట్టు ముడి వేశాను. చేత్తో తడిమి చూసుకుని, కొంగు సర్దుకుని, గేటు వైపు తిరిగి కూర్చుంది. నేను భోజనానికి ఆగకుండా వచ్చేశాను.

నా కళ్ళ ముందే ఈ ఊరు ఎంత మారిందో! మగ్గాలు మారాయి, కార్ఖానాలు మారాయి, జుట్లన్నీ నెరిశాయి. 'చిన్నారులు' అన్న ఆ ఒక్క మాట మాత్రం ఉన్నచోటనే ఉంది. ఫోటో తీసింది నేను వచ్చేశాకనే అయ్యుండాలి, రిబ్బన్లు మళ్ళీ కట్టారు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాను. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, ఆమె గేటు వైపు చూస్తోంది. కుడిచెయ్యి ఒక రిబ్బను ముడి మీద ఉంది. ఒంటిచేత్తో ఆ ముడి విప్పుకోవడం ఆమె వల్ల కాదు.