పన్నెలో మిగిలిన పోగులు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా నడిమింట్లో గుంత మగ్గం ఉండేది. దాని మీద మా పెద్దనాయన చీరలు నేసేవాడు. మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగేది. ఆ సంగతి పిల్లలకు కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ వేసవిలో ఆయన సొంతంగా అద్దిన ఎరుపు నిలవలేదు. తడి తగలగానే అంచు రంగు చీరంతా పాకింది. షావుకారు అన్నీ తిప్పి పంపాడు. అప్పుడే నేను మూడో తరగతి తప్పాను. ఇంట్లో ఇద్దరమూ తలలు దించుకుని తిరిగేవాళ్లం.

చివరి చీర కోసి తీశాక, పడుగు పోగుల్ని విడివిడిగా నిలిపే దువ్వెనలాంటి పన్నెలో జానెడు పాత పోగులు వేలాడుతూ మిగిలాయి. పెద్దనాయన కొత్త నూలు కోసం ఆదోనికి పోయాడు. ఆ పాడు రంగు మళ్లీ కంటబడితే బాధపడతాడని, నేను కత్తెరతో వాటిని కోసి, ఒక్కటి మిగలకుండా లాగేసి, పన్నెను గుడ్డతో తుడిచిపెట్టాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన వచ్చి చూసి, నూలు మూట నేల మీద దించేశాడు. మా పెద్దమ్మ చెయ్యెత్తింది.

“బడిలో తప్పింది సాలదని మగ్గం మీద పడితివా మే!”

“పాపనేమనొద్దు. నేను సెప్పింటే గదా తెలిసేది,” అని ఆయన నన్ను గుంత పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “పాత పోగుంటే కొత్తదాన్ని దానికే అతికి లాక్కుంటాం. ఇంగ ఒక్కో సందులో ఒక్కోటి దూర్చల్ల. ఈ కొస పట్టు. సెడింది గుడ్డ పాపా, పోగుల దావ సెడలేదు.”

ఒక పూటలో అయ్యే పని రోజుల తరబడి సాగింది. కళ్లు నీళ్లు కారేవి. ఈలోగా బడి తెరిచారు.

పన్నె మీంచి తల ఎత్తకుండానే అన్నాడు, “రేపు బడికి పో. ఆ తరగతిలోనే కూసో. అతుక్కోనీకి నీకింకా కొస మిగిలుంది.”

“సిన్నపిల్లోళ్ల పక్కన నేను కూసోను.”

మర్నాడూ అడిగాడు. నేను పోలేదు. నేతకు నూలు కండెలు చుట్టడానికి ఒక చెయ్యి దొరికిందని ఇంట్లో అందరూ సంతోషించారు, ఆయన తప్ప.

తర్వాతి పడుగుకు ఆయనే నాకు అతకడం నేర్పాడు. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కొసను కొత్త కొసతో మెలిపెట్టాలి. ఆ నేర్పుతోనే ఇన్నేళ్లు బతుకు లాక్కొచ్చాను. మెట్టినింటి చేలో వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా విత్తనానికని దాచిన గింజల్ని ఎవర్నీ తిననివ్వలేదు. పిసినారిదన్నారు, అననీ. మరుసటేడు ఆ గింజలే మొలిచాయి. బాగా నిలిచిన రంగులున్నాయి, వెలిసినవీ ఉన్నాయి. దేన్నీ మొదలంటా కోసుకోలేదు.

ఒక్క బడిని తప్ప. ఆ పాఠం చెవిన పడుతుండగానే కోసేసుకున్నాను. ఆయన రెండుసార్లు అడిగి మూడోసారి ఎందుకు అడగలేదా అని ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు అదీ లేదు.

పక్కవీధి బడిలో గంట కొట్టినప్పుడు నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే మెలిపెట్టుకుంటాయి, మధ్యలో పోగేమీ లేకుండానే.