మా ఆయన తాగాడా?

శివమాల వేసుకుని శ్రీశైలానికి నడిచిపోతూ మా ఆయన నల్లమలలో వెనకబడిపోయాడు. తోడు నడిచినవాళ్లు చూసుకోకుండా ముందుకెళ్లిపోయారు. రెండు మూడు రోజుల తర్వాత ఒక చెట్టు కింద శవం దొరికింది. ఉగాది ముందు ఎండలు. నన్ను మొహం కూడా చూడనివ్వలేదు.

కొన్ని నెలలకు ల్యాబు రిపోర్టు వచ్చింది. శవంలోంచి తీసి పంపిన భాగాల్లో విషం లేదు, ఆల్కహాల్ ఉంది. స్టేషన్లో చెప్పిన ఆ మాట నాకంటే ముందే మా ఊరు కోసిగి చేరింది.

"మాలేసుకుని తాగినాడంటప్పా, మల్లన్న ఊరుకుంటాడా?" అన్నారు. నేను కుళాయి దగ్గర బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. సిగ్గుతో చచ్చిపోయాను. ఊళ్లో ఎవరికీ జడవని దాన్ని, చీకటి పడ్డాక నీళ్లకు పోవడం మొదలుపెట్టాను.

బెంగళూరు పనికి పోయినప్పుడు ఆయన తాగేవాడు, దాచేదేముంది. మాల వేసుకున్న రోజే మానేశాడు. మానేశాడనే అనుకున్నాను. రిపోర్టు వచ్చాక, పోలీసులు తిరిగిచ్చిన ఆయన నీళ్ల బాటిల్ మూత తీసి వాసన చూశాను. ఏమీ లేదు. అయినా మళ్లీ చూశాను, మా అత్త కంట పడకుండా.

ఇక ఉండబట్టలేక కర్నూలు పోయి, పోస్ట్‌మార్టం చేసిన డాక్టరును పట్టుకున్నాను.

"సార్, తాగినాడా లేదా?"

"చెప్పలేనమ్మా. ఎండకు శవం చెడిపోతే ఆల్కహాల్ లోపలే పుడుతుంది. తాగకపోయినా రిపోర్టులో కనిపిస్తుంది."

"అయితే తాగలేదు కదా?"

"అదీ చెప్పలేను. కొంచెం తాగి ఉన్నా ఇట్లాగే కనిపిస్తుంది. వెంటనే దొరికి ఉంటే వేరే సంగతి. ఇప్పుడు ఎవరూ తేల్చలేరు."

"ఇంత చదువుకుని ఇదా సార్ చెప్పేది!" అని ఎగిరిపడ్డాను. ఆయన కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

బస్సులో దారిపొడుగునా ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ఇల్లు చేరేసరికి అత్త గడప దగ్గర కూర్చుని కందిబేడలు చెరుగుతోంది.

"తాగలేదంట అత్తా. కర్నూల్లో డాక్టరే చెప్పినాడు," అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. సంతోషపడుతుందనుకున్నాను. నా మొహంలోకి చూసింది.

"ఏమ్మే, వాడు తాగలేదని చెప్పేకి పోయింటివా, తాగినాడేమోనని అడిగేకి పోయింటివా?"

అడగడానికే పోయాను.