బొమ్మలో లేని వస్తువులు

నాలుగేళ్లుగా ఒక మాటను లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. పగలు పనుల్లో పడి మరిచిపోతాను. పాప నిద్రపోయి, ఇల్లు సద్దుమణిగాక అది మళ్లీ వచ్చి పక్కన కూర్చుంటుంది. మా ఆయనకు చెప్పలేదు. కోదాడలో ఉన్న అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

వినడానికి చాలా చిన్న విషయం. ఒక కంప్యూటర్ ఆట గురించి. నవ్వుకోండి, పరవాలేదు. చివరిదాకా మాత్రం చదవండి.

మొన్న మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. "అత్తా, నువ్వు అప్పట్ల వస్తువులు ఎతికే గేమ్ ఆడెటిదానివట గదా. పైసలు పెట్టి కొనొచ్చునా?" అని అడిగింది. బొమ్మలు బాగుంటాయి అన్నాను. పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద పాలు లేవు.

అప్పుడు మేం మిర్యాలగూడలో ఉండేవాళ్లం. మా ఆయన ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసేవారు. వడ్లు వచ్చే కాలంలో ఆయన ఇంటికొచ్చేసరికి ఏ వేళయ్యేదో చెప్పలేం. పాపకు ఎనిమిది నెలలు. నేను డిగ్రీ చదివాను గాని బిడ్డను పెంచడం ఎవరూ నేర్పలేదు. పడుకున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. చూసి వంటింట్లోకి వెళ్లి, మళ్లీ వచ్చి చూసేదాన్ని. ఇది ఎవరికైనా చెబితే ఏమనుకుంటారోనని అదొక భయం.

పక్క వాటాలో సుజాతక్క ఉండేది. ఆమెది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. భర్త లారీ డ్రైవర్, వారానికోసారి కనిపిస్తే ఎక్కువ. ఆమె మగ్గం వర్క్ చేసేది. కొయ్య చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, జరీతో, పూసలతో పూలు కుట్టడం. ఆవగింజంత పూసను కూడా సూది మొనతో ఎత్తేది.

ఒకరోజు పాపకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. నేను గుమ్మంలో నిలబడి అరిచాను, అంతే. సుజాతక్క వచ్చి పాపను లాక్కుని, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది. పాపకు ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి నా చెవులు ఆమె తలుపు మీదే ఉండేవి. గడియ చప్పుడు వినిపిస్తే ఆమె ఇంట్లో ఉన్నట్టు. వినిపించకపోతే పాపను ఎత్తుకుని వెళ్లి ఆమె తలుపుకు తాళం ఉందేమో చూసొచ్చేదాన్ని.

ఆ ఆట ఆ రోజుల్లోనే కొన్నాను. ముందు ఒక గంట ఉచితంగా ఆడనిస్తారు. ఆ తర్వాత కావాలంటే కొనుక్కోవాలి, ఐదు వందల చిల్లర. మంత్రగత్తె మంచుగా మార్చేసిన ఒక రాజ్యం. అందులో గది గదికీ కుప్పలుగా సామాన్లు. కింద ఇంగ్లీషులో పేర్ల వరస వస్తుంది. ఆ పేరున్న వస్తువును కుప్పలో కనిపెట్టి నొక్కితే గంట మోగి అది మాయమవుతుంది. అన్నీ దొరికితే తలుపు తెరుచుకుంటుంది.

"ఐదు నూర్లు పెట్టి ఎతుక్కునుడా?" అన్నారు మా ఆయన. "నా సాక్సులు ఎతుకరాదే, ఊరికేనే ఉంటది." నవ్వారు గాని, స్నేహితుడి కార్డుతో కొనిపెట్టారు. నెలల తరబడి ఆడుకోవచ్చని నేనే నమ్మించాను.

నిజం చెప్పాలంటే ఆ ఆట అంత విలువ చేయదు. బొమ్మలు అందంగానే ఉంటాయి. మంచు పట్టిన మెట్లు, దీపం వెలుగులో రాగి చెంబులు, కిటికీలో గుడ్లగూబ. కానీ కథ పలచన. గదులు తక్కువ, అవే గదులు మళ్లీ వస్తాయి. ఏది ఎక్కడుందో ఒకసారి తెలిశాక రెండోసారి చూడటానికి ఏమీ మిగలదు. నేను ఒక్కదాన్నే వారం తిరక్కుండా పూర్తి చేసేశాను.

పూర్తి చేసినట్టు సుజాతక్కకు చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి పెట్టాను. మధ్యాహ్నం కరెంటు వచ్చాక ఆమె వచ్చేది. పాపను ఒళ్లో వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కింది పేర్లను నేను తెలుగులో చదివేదాన్ని, ఆమె తెర మీద వేలు పెట్టి చూపించేది, నేను నొక్కేదాన్ని. ఎంత తొందరగా కనిపెట్టేదో! నేను పేరు పూర్తిగా పలికేలోపు ఆమె వేలు అక్కడ ఉండేది. "గిదేం ఆటనే, చిన్నపిలగాండ్లది" అనేది. అన్నా మర్నాడు వచ్చేది.

ఆ లెక్కన నాలుగు మధ్యాహ్నాల్లో ఆట అయిపోతుంది. తర్వాత ఆమె ఎందుకు వస్తుంది?

ఒకరోజు వరసలో నెమలి ఈక ఒక్కటే మిగిలింది. నేను ఈక అనలేదు. వెండి ఉంగరం అన్నాను. ఆ బొమ్మలో ఉంగరం లేదు. ఆమె చాలాసేపు వెతికింది. "గీ ఈక గాదా?" అని కూడా అడిగింది. కాదక్కా అన్నాను. ఆమె పాప వైపు తిరిగినప్పుడు ఈకను నొక్కేసి, అదిగో దొరికింది అన్నాను. గంట మోగి, తలుపు తెరుచుకుని, ఆ గది బొమ్మ పోయింది. "ఏడుండె? నాకు కనవడనే లేదు" అంది.

అలా రోజుకొకటి. తర్వాత రెండు, మూడు. ఆట సాగింది. ఆమె కళ్లు నులుముకోవడం మొదలుపెట్టింది. ఇంటికెళ్లి సూదిలో దారం ఎక్కించి తీసి, మళ్లీ ఎక్కించి చూసుకునేదట. అది తెలిసీ నేను ఆపలేదు.

ఆ రోజుల్లోనే ఆమె పిన్ని కూతురు సూర్యాపేటలో మగ్గం వర్క్ దుకాణం పెట్టుకుని, ఈమెను రమ్మని కబురు చేసింది. పెళ్లి జాకెట్ల పనంతా ఈమే చూసుకోవాలి, దుకాణం మీదే గది.

ఒక సాయంత్రం ఆమె వచ్చి గడప మీద కూర్చుంది.

"దవాఖానకు పోయొచ్చిన" అంది.

"ఏమన్నారక్కా?"

"కండ్లు మంచిగున్నయంట. అక్షరాలు సూపిచ్చిండు, లైటు కొట్టిండు. పరేషాన్ గాకు, ఇంటికి పో అన్నడు."

"మంచిదేగా మరి."

"ఏం మంచిదే? ఆయనకేం ఎరుక. నీ కంప్యూటర్ల ఎదురుంగున్నది నాకు దొరుకుత లేదు. మా అమ్మకు గిట్లనే షురూ అయింది. ముందలున్న గిలాస దొరకకపోయేది. మేం నవ్వేటోళ్లం. ఇగ కొన్నేండ్లకు సూపు ఖతం."

నేను పాప జుట్టు సర్దుతూ కూర్చున్నాను.

"నిజం చెప్పు చెల్లె. నీకు అన్నీ ఠక్కున దొరుకుతయ్ గదా. నాకే గిట్లయితుందా?"

"వయసు పెరిగేకొద్దీ అందరికీ కొంచెం తగ్గుతుందిలే అక్కా" అన్నాను.

ఆమెకు అప్పుడు ముప్పై ఆరేళ్లు.

సూర్యాపేటకు రానని ఆమె చెప్పేసింది. పెళ్లికూతురి జాకెట్టు మీద తప్పు కుట్టు పడితే చెల్లెలి దుకాణం పేరు పోతుందని భయపడింది. ఇంట్లో కూడా పూసల పని మానేసి, జాకెట్లకు హుక్కులు, చీరలకు ఫాల్స్ కుట్టుకుంది.

ఇక్కడ ఆగి, రాసింది మళ్లీ చదివాను. ఒక చోట వరస మార్చి రాశాను. ముందు సరదాగా మొదలైందనీ, సూర్యాపేట కబురు తర్వాత వచ్చిందనీ మీకు అనిపించేలా రాశాను. నాకు నేను కూడా ఇన్నాళ్లూ అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆ కబురు ముందు రోజే వచ్చింది. ఆమె ఎంతో సంతోషంగా చెప్పింది, నేను కూడా నవ్వుతూ విన్నాను. రాత్రంతా పాప పక్కన కూర్చుని, మళ్లీ ఫిట్స్ వస్తే ఎవరిని పిలవాలి అని ఆలోచించాను. మర్నాడు ఈకను ఉంగరం అన్నాను. ఆమె తల్లి చూపు పోయిన సంగతి కూడా నాకు అప్పటికే తెలుసు. ఇదంతా అనుకునే చేశానా? వెండి ఉంగరం అన్నప్పుడు నా మనసులో ఏముంది? ఆమె ఇంకాసేపు కూర్చోవాలనా, అసలు వెళ్లకూడదనా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒక్కో రాత్రి ఒక్కో జవాబు వస్తుంది. ఏ జవాబు వచ్చినా నేను చేసింది మారదు.

అంత చేసినా ఆమె నాకు దక్కలేదు. కొన్ని నెలలకు వాటా ఖాళీ చేసి అత్తగారి ఊరికి వెళ్లిపోయింది. అక్కడ గొర్రెలున్నాయి. "గొర్లు పెద్దగుంటయ్ చెల్లె, ఎతకనక్కర లేదు. అవే అరుస్తయ్" అంది సామాను ఎక్కిస్తూ. తర్వాత తిరిగి చూసి, "గంత పెట్టి కొన్నవ్ గదా ఆ ఆట. పైసా వసూల్ అయిందా మరి?" అంది.

"అయిందక్కా" అన్నాను. వీధిలో ఎవరూ లేరు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు.

మా ఆయన ఉద్యోగం మారి ఇప్పుడు మేం సూర్యాపేటలోనే ఉంటున్నాం. పాపకు ఐదో ఏడు వస్తోంది. మగ్గం వర్క్ దుకాణాలున్న వీధిలోకి నేను వెళ్లను. పోయిన నెల ధైర్యం చేసి ఆమెకు ఫోన్ చేశాను. "పాపకు జ్వరాలేమన్న వస్తున్నయా?" అని ముందు అదే అడిగింది. లేదన్నాను. కుట్టుపని చేస్తున్నావా అక్కా అన్నాను. "ఏం కుట్టుడే, దానికి కండ్లు గావాలె గదా" అని నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా నాకు సమయం ఉంది. ఉంటానక్కా అని ఫోన్ పెట్టేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రేపు ఆమెకు ఫోన్ చేస్తానని మాట ఇవ్వను, చేస్తానో లేదో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. సుజాతక్క కళ్లకు ఏ జబ్బూ లేదు. ఒంటరిగా ఉండాలంటే భయపడి ఆ జబ్బును నేనే పుట్టించాను. ఈ మాట ఇంతవరకు నా నోటి నుంచి గాని, చేతి నుంచి గాని బయటికి రాలేదు. ఇప్పుడు వచ్చింది.