మీహో కూతురి గొంతు

మా అక్క కూతురు ఫ్రానా మూడోసారికి గైడు పరీక్ష నెగ్గింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ప్రభుత్వం ముద్ర వేసిన బిళ్ళ మెడలో వేసుకున్న మొదటి మనిషి ఆమే. బిళ్ళ మీద ఫొటో, దాని కింద పేరు, ఆ కింద ఆమె మాట్లాడగల మూడు భాషలు. నేను కొనావ్లే పల్లె బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, నాకు అలాంటి బిళ్ళ లేదు. నాకున్నది వేరు. యుద్ధం అయ్యాక ఈ కోటగోడల లోపల నూట పన్నెండు ఇళ్ళ కప్పులు నా చేతి మీదుగా మళ్ళీ లేచాయి. పెంకుని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తడితే పగులుందో లేదో ఇప్పటికీ చెప్పగలను. నా కింద పద్నాలుగు మంది పనిచేశారు, ఒక్కడూ కప్పు మీంచి జారలేదు. బాల్డో మేస్త్రీ అంటే ఏ మెట్ల వీధిలోనైనా కుర్చీ వేస్తారు.

దుబ్రొవ్నిక్ అని పేరు పెట్టి పిలిచేది బయటివాళ్ళు. మాకు ఇది ఊరు, అంతే. ఫ్రానా మొదటిసారి పరీక్ష తప్పింది ఊరు తెలియక కాదు, మరీ తెలిసి. ముగ్గురు పరీక్షకులు వెనకాల నడుస్తుంటే వాళ్ళని పెద్ద ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్ళి, "ముట్టడి చలికాలంలో ఇక్కడే నీళ్ళకి నిలబడేవాళ్ళం. ఆ మూల ఇల్లు కుట్టుపని లూత్సియా గారిది, ఆవిడ పోయి పదేళ్ళయింది," అని చెప్పిందట.

"ఏ సంవత్సరంలో కట్టారమ్మా దీన్ని?" అన్నాడు పెద్దాయన.

"మా ముత్తాత పుట్టకముందేనండీ."

ఆయన నవ్వలేదు, సున్నా వేశాడు.

రెండోసారి తప్పడానికి కారణం వేరు. వాళ్ళిచ్చిన దారిలో ఒక మెట్ల సందు ఉంది. ఫ్రానా అందులోకి తిరగకుండా తిన్నగా పోయింది. ఆ సందులో వాళ్ళ నాన్న క్షవరం దుకాణం ఉండేది. మీహో బావది మంచి చెయ్యి, మా నాన్న గడ్డం కూడా ఆయనే గీసేవాడు. పందొమ్మిది వందల తొంభై ఒకటి డిసెంబరు ఆరున ఊరి మీద గుండ్లు పడ్డ రోజు, లోపలున్న మనిషిని బల్ల కిందికి తోసి, తలుపు రెక్క వెయ్యడానికి వాకిట్లోకి వెళ్ళాడు, మళ్ళీ లోపలికి రాలేదు. అప్పటికి ఫ్రానాకి తొమ్మిదేళ్ళు.

మూడోసారి ఆ సందులోకీ నడిచింది. "ఇక్కడ దుకాణాలు ఉండేవి" అని నాలుగు ముక్కలు చెప్పి బయటికి వచ్చింది. ఫౌంటెన్ పద్నాలుగు వందల ముప్పై ఎనిమిది, భూకంపం పదహారు వందల అరవై ఏడు, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆ సాయంత్రం బిళ్ళ మెడలో వేసుకుని మా ఇంటికొస్తే ద్రాక్ష సారా పోశాను.

ఆ తరువాత పదకొండేళ్ళు ఊరిని నడిపించింది. పొద్దున ఓడలు వచ్చేవి, వీధి నిండా జనం. అంత రొదలోనూ ఆమె మాట చివరి వరుసకి వినబడేది. మిగతా గైడులందరూ మైకులు తగిలించుకున్నారు, వినేవాళ్ళ చెవులకి తీగలు ఇచ్చారు. ఫ్రానా వద్దంది. అంది అంటున్నాను గానీ, ఆ మాట ముందు అన్నది నేనే.

"మైకు చేపలమ్మే బండికి పెడతారమ్మాయ్. ఈ గోడల్ని కట్టినవాళ్ళు రాయి మాటని తిరిగిచ్చేలా కట్టారు. గొంతున్నదానివి, నీకెందుకు?"

"నిజమే మావయ్యా," అంది.

నిరుడు వసంతంలో ఆ గొంతు గీరుకుపోవడం మొదలైంది. సాయంత్రానికి బొంగురు, వారానికోసారి అసలు మాటే లేదు. అక్క స్తానా రాజధాని జాగ్రెబ్ వెళ్ళి డాక్టరుకి చూపించుకోమని పోరింది. నేను అడ్డుపడ్డాను. మా ఊరి దేవుడు సెయింట్ వ్లాహో గొంతుల్ని కాస్తాడు. ఫిబ్రవరి మూడున ఆయన పండగ. ఆ రోజు గుడిలో పూజారి రెండు కొవ్వొత్తులు అడ్డంగా కలిపి గొంతుకి ఆనించి దీవిస్తాడు. డెబ్భై ఏళ్ళుగా నేను ఒక్క ఏడూ మానలేదు, నా గొంతు రాయిలా ఉంది.

"దీవెన తీసుకున్న గొంతే అక్కా దానిది. సీజను దాటనీ. డాక్టర్లు కత్తి పట్టుకుంటే ఊరుకోరు," అన్నాను.

"నువ్వు కప్పులు వేశావు గానీ గొంతులు వెయ్యలేదురా బాల్డో," అంది అక్క.

ఫ్రానా నా మాటే విన్నది.

అక్టోబరులో ఒక పొద్దున నేను ఆ మెట్ల సందులో, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. ఇరవై మంది జర్మన్ ముసలివాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళలో ఊతకర్ర ఆయన ఒకడు పైకి చూపించి ఏదో అడిగాడు. అడిగింది కప్పు గురించేనని నాకు అర్థమైంది. చుట్టూ ఉన్న పెంకులు తేనె రంగు, ఆ ఒక్క ఇంటివి మాత్రం మరీ ఎరుపు. ఫ్రానా నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గుసగుసగా రెండు మాటలు పడ్డాయి, అవీ ఆగిపోయాయి. వాళ్ళు మర్యాదగా నిలబడి ఉన్నారు. ఆమె ఆ కప్పు వైపు చెయ్యి చూపి, తరువాత నావైపు చూపింది.

నాకు వాళ్ళ భాష రాదు. అయినా లేచాను. నాకొచ్చిన భాషలోనే చెప్పాను.

"ఈ కప్పు నేను వేశాను. పాత పెంకులు దొరకలేదు, అందుకే ఈ రంగు. ఇప్పుడు అయస్కాంతం బొమ్మలు అమ్ముతున్న ఈ గది మా బావది. ఇక్కడ, మీరు నిలబడ్డ రాతి మీదే పడిపోయాడు. ఈ అమ్మాయి ఆయన కూతురు."

ఒక్క ముక్క కూడా వాళ్ళకి తెలిసి ఉండదు. కానీ ఊతకర్ర ఆయన కాళ్ళ కిందికి చూసుకుని, ఆ రాతి మీంచి పక్కకి జరిగి టోపీ తీశాడు. పదకొండేళ్ళలో ఆ సందులో ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఫ్రానా గోడకి ఆనుకుని నిలబడి విన్నది.

జాగ్రెబ్ డాక్టరు చూసి గొంతులో గడ్డ ఉందన్నాడు. పాతదట. వసంతంలోనే వచ్చి ఉంటే మందులతో, మౌనంతోనే పోయేదట. ఇప్పుడు కొయ్యాలి, కోశాక పాత గొంతు వస్తుందో రాదో చెప్పలేను అన్నాడట. బిళ్ళ ఉంటుంది, గైడు ఉండదు. అక్క ఆ కబురు నా మొహం మీదే చెప్పింది.

"తప్పంతా నీ నెత్తినే వేసుకోకు. నీ మాట విన్నది చిన్నపిల్ల కాదు, దానికి ముప్పై ఆరేళ్ళు," అంది చివరికి, కాఫీ నా ముందుకి తోసి. నూట పన్నెండు కప్పులు వేసినవాణ్ణి, లోపలి పగులు వినలేకపోయాను. గొప్పలు రాసుకున్న చోటే ఇదీ రాయాలి.

జనవరి పద్నాలుగున జాగ్రెబ్‌లో ఆపరేషను అయింది, ఆమె ఇంకా అక్కడే ఉంది. అప్పట్నుంచి ఆమెకి మౌనం. అక్క ఫోనుకి అక్షరాలు పంపితే అక్క నాకు చదివి వినిపిస్తుంది. మొన్న ఇలా రాసింది: "పిల్లలు రాసుకునే పలక కొన్నాను మావయ్యా. కాఫీ కావాలన్నా పలకే. ముప్పై ఒకటిన డాక్టరు ముందు మొదటి మాట పలకాలి. ఏం అనమంటావు?"

"ఆకలి అనమను," అంది అక్క. "చిక్కిపోయి ఉంటుంది."

నేను ఆలోచించాను. "పద్నాలుగు వందల ముప్పై ఎనిమిది అనమను. అది అనగలిగితే మిగతాదంతా అనగలదు."

ఆ మాట ఎలా వస్తుందో ఇది రాసేనాటికి నాకు తెలియదు. వచ్చినా రాకపోయినా మూడో తారీఖున కొవ్వొత్తుల వరుసలో ఆమె పక్కన నేనుంటాను. ఈసారి నా గొంతు కోసం ఏమీ అడగను. పండగకి వండే మాంసం పులుసు మాకరోనీకి అక్క అన్నీ తెచ్చిపెట్టుకుంది. నేను నిన్న కొత్త బజారుకి వెళ్ళి నడుముకి తగిలించుకునే మైకు కొన్నాను. చిన్నది, బూడిద రంగు.

"అది దానికా, నీకా?" అంది అక్క.

"దానికే. కానీ ఆ సందులో నాకిస్తే నేను మాట్లాడతాను. జర్మన్‌లోకి అమ్మాయి మార్చాలి."

డబ్బా విప్పకుండా, ఆమె వదిలి వెళ్ళిన బిళ్ళ పక్కన మేకుకి తగిలించాను. ఫ్రానా జాగ్రెబ్ బస్సు దిగేది ఫిబ్రవరి రెండు, శనివారం, మధ్యాహ్నం.