గుండీల డబ్బా

మా వీధి మలుపులో బట్టలు కుట్టే ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. ఒకటే గది. కిటికీ కింద మోటారు కుట్టుమిషను, ఎదురుగా భర్త బల్ల. ఆయన పగలంతా ఫ్యాన్లకు వైండింగ్ చేసి వస్తాడు. సాయంత్రం ఆమె కుడుతుంటే పక్కన కూర్చుని దారాలు తెంపుతూ, దుకాణంలో ఎవరేమన్నారో గొంతులు మార్చి చెప్పేవాడు. ఆ కబుర్లు వింటేగానీ ఆమెకు పొద్దు వాలినట్టుండేది కాదు.

అలాంటిది, ఒకరోజు పాత హెడ్‌ఫోన్ పట్టుకొచ్చాడు. ఫోనుకు తగిలిస్తే పాట చీమ నడిచినట్టు వినిపించింది. ఆ గొంతు పెంచడానికి ఒక చిప్పు, నాలుగు రెసిస్టర్లు, తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ ముందేసుకుని కూర్చున్నాడు. సోల్డరింగ్ పొగలో ఆయన ముఖం ఎవరినో కలవబోతున్నట్టు వెలిగింది. ఆ వెలుగు ఆమెకు నచ్చలేదు.

“నీ గుండీల రేకు డబ్బా ఇస్తావా? ఇదంతా అందులో సర్దేస్తా.”

“నా గుండీలు రోడ్డున పడాలా? ఆవిడగారికి వేరే ఇల్లు చూసుకోండి.”

“ఏ ఆవిడ?”

“ఆ పాడే ఆవిడే!”

ఆయన నవ్వి, ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో సర్దేశాడు. అప్పటినుంచి సాయంత్రాలకు మాట పడిపోయింది. ఆయన కళ్లు మూసుకుని తనలో తాను నవ్వుతాడు. ఆ నవ్వు తనకు కాదు. సబ్బుపెట్టెలో సవతి కాపురం పెట్టినట్టు ఆమెకు ఒళ్లు మండేది.

“దారం తెంపండి,” అంది ఒకనాడు. వినిపిస్తేగా! కసికొద్దీ పెడల్ తొక్కింది. ఆయన ఉలిక్కిపడి హెడ్‌ఫోన్ లాగేశాడు.

“అబ్బ! నీ మోటారు రొద నా పాటలో పడుతోంది!”

“గదంతా పడుతోంది. మీ పాటకేం ప్రత్యేకం?”

“బయటి మోత కాదే. మోటారులో నిప్పురవ్వలు ఎగిరినప్పుడల్లా ఆ అలజడి పెట్టెలోకి దూరుతోంది. ప్లాస్టిక్ ఆపదు. రేకు డబ్బా అయితే ఆపుతుంది.”

ఆమె నమ్మలేదు. హెడ్‌ఫోన్ తాను పెట్టుకుంది. ఆయన వెళ్లి పెడల్ నొక్కాడు. వెన్నెలలా జారుతున్న ఆ గొంతును గరగరా చీల్చుకుంటూ తన మిషను వచ్చింది. ఆమెకు ఎంత హాయిగా వినిపించిందో!

“విన్నావుగా? ఇప్పుడైనా డబ్బా ఇవ్వవే తల్లీ.”

“అందులో గుండీలున్నాయండీ.”

ఆయన నిట్టూర్చి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఆమె స్టూలును మిషను దగ్గరికి జరుపుకుంది. ఆయన కనురెప్పలు వాలేదాకా ఓపిగ్గా చూసి, పెడల్ తొక్కింది.

సూది కింద బట్టే లేదు.