గుర్రాల బడి కడియం

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో తువాలు మూట. బస్సు ఎగిరినప్పుడల్లా అందులోని గట్టిదేదో నా మోకాలికి కొట్టుకుంటోంది. వారం రోజులుగా నాకు అసలే స్థిమితం లేదు. "ఏందది?" అని విసుక్కున్నాను.

ఆయన మూట విప్పాడు. తుప్పు పట్టిన ఇనుప కడియం.

"గుర్రాల బడిది సారూ. మొన్న కూలగొట్టిన్రు గద."

నేను కిటికీ వైపు తిరిగాను. గుమ్మంలో నిలబడి చూసి, ఆ బడిని కూల్చేయమని రిపోర్టు రాసిన ఇంజనీరును నేనే. గోడలకున్న కడియాలు పిల్లలు సంచులు తగిలించుకోవడానికి పెట్టినవనుకున్నాను.

"బడి గాకముందు, నిజాం కాలంల, గది గుర్రాల సాల. మా నాయిన గుర్రాలను దీనికే కట్టేటోడు. నన్ను బడిల ఏసిన నాడు నా సంచి గూడ దీనికే తగిలిచ్చిండు."

"ఎట్లా దొరికింది?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"దొరుకుడా? గోడ పడ్డంక గూడ రాయిని ఇడిసిపెట్టలె. పొద్దంత గడ్డపారతోటి తవ్వితె ఊడింది."

తన ఊరి స్టేజీ రాగానే మూట కట్టుకుని దిగిపోయాడు. నేను మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాను. నా రిపోర్టులో మొదటి వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: గోడలకు పటుత్వం లేదు.