అద్దకం కొట్టు వెనక తలుపు

మోచేతుల దాకా ఎప్పుడూ నీలం రంగే కాబట్టి వీధి వీధంతా ఆయన్ని నీలం బాబాయ్ అనేది. బట్టలకు రంగులద్దే కొట్టు ఆయనది. ఆ కొట్టులోనే పనికి చేరిన అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. రంగుల తొట్ల మీంచి లేచే ఆవిరి ఆమె ఊపిరితిత్తుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. దగ్గి దగ్గి, ఒక వానాకాలం ఆయన చేతుల్లోనే పోయింది. ఆ తర్వాత మాట్లాడటానికి మనిషి లేక బాబాయ్ తొట్లతోనే మాట్లాడేవాడు. అలాగే ముసలివాడయ్యాడు.

ఒక మధ్యాహ్నం రంగు డబ్బాల కోసం వెనక గది తలుపు తీశాడు. అవతల గది లేదు. తన పడుచునాటి వీధి ఉంది. కొట్టులో ఈల వేస్తూ గుడ్డలు పిండుతున్న కుర్రాడు తనే. ఎదురుగా, మొదటిసారి పని అడగడానికి వస్తున్న ఆమె.

బాబాయ్ గడప దాటి ఆమెకు ఎదురెళ్లాడు. పేరు పెట్టి పిలవబోయి, ఆమెకు తనెవరో ఇంకా తెలియదని గుర్తొచ్చి ఆగాడు.

“పెద్దాయనా, ఇక్కడ పనికి మనుషులు కావాలన్నారు?” అంది ఆమె.

“లేదు తల్లీ, ఎవరో చేరిపోయారు. వీధి చివర బేకరీలో అడుగు.”

“అయ్యో, బోలెడు ఆశతో వచ్చానండీ.”

“ఇక్కడి గాలి మంచిది కాదమ్మా. నా మాట విను.”

ఆమె తలూపి వెళ్లిపోయింది. ఒకే వీధి కదా, ఆ కుర్రాడు ఎప్పుడో ఒకప్పుడు బేకరీకి వెళ్లకపోతాడా అని మనసుకు సర్దిచెప్పుకుని బాబాయ్ వెనక్కి వచ్చాడు.

గోడ మీద పెళ్లి ఫోటో లేదు. మేకు కూడా లేదు. వీధిలో అడిగితే తెలిసింది, ఆమె బేకరీ ఆయన్ని పెళ్లాడిందని. తామిద్దరూ కాపురం చేసిన సంగతి ఇక బాబాయ్‌కి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. మళ్లీ ఎన్నిసార్లు తీసినా ఆ తలుపు వెనక డబ్బాలే.

కొన్నాళ్లకు ఆమె ఒక శాలువా పట్టుకుని కొట్టు మెట్లెక్కింది. తల నెరిసింది. చంకలో మనవరాలు. ఆయాసమన్నది లేదు.

“అన్నయ్యా, ఇది వెలిసిపోయింది. మళ్లీ రంగు వేస్తారా?”

ఆ పిలుపు ఆయన గుండెలో గునపంలా దిగింది.

“లోపలికి రాకమ్మా, ఆవిరి! నేనే వస్తున్నా” అంటూ గబగబా బయటికొచ్చి శాలువా అందుకున్నాడు.

“ఒక్కరే ఉంటారా? వదిన లేదా?”

“లేదమ్మా.”

“అదేంటన్నయ్యా, ఇంత మంచివాళ్లు, పెళ్లెందుకు చేసుకోలేదు?”

“కుదర్లేదమ్మా. ఏ రంగు వేయమంటావ్?”

పచ్చ వేయమని చెప్పి ఆమె వెళ్లిపోయింది. బాబాయ్ మిగతా బట్టలన్నీ పక్కన పెట్టి, తొట్టి కింద మంట వెలిగించాడు. కళ్లు తుడుచుకుంటూ, రంగు బాగా పట్టేదాకా ఆ ఒక్క శాలువానే కర్రతో తిప్పుతూ కూర్చున్నాడు.